ఆవకాయ రంగుల్ని ప్యాకేజీ కట్టాలా, వద్దా?

కొత్త ఆవకాయ కలిపిన రోజు జాడీలోకి పైనుంచి ఒక ఫొటో తీశాను. దాంట్లోంచి అయిదు రంగులు ఏరి, ఆఫీసులో వేసే బార్ చార్టులకు వాడాను. చూసినవాళ్ళు "ఈ రంగులేవో బాగున్నాయి, మాకూ పంపు" అన్నారు. అసలు గొడవ అక్కడ మొదలైంది. పంపడమంటే ఎలా? వాట్సాప్‌లో అయిదు నంబర్లు పెట్టాలా, ఒక ఫైలు ఇవ్వాలా, ఆర్ (లెక్కలకూ చార్టులకూ వాడే ప్రోగ్రామింగ్ భాష) ప్యాకేజీ, అంటే ఎవరైనా ఇన్‌స్టాల్ చేసుకోగల కోడు మూట, కట్టి గిట్‌హబ్‌లో పెట్టాలా, ఏకంగా ఆర్ వాళ్ళ పెద్ద కొట్టు క్రాన్‌కే ఎక్కించాలా? ఈ దారులన్నీ ఏదో ఒకప్పుడు తొక్కినవాణ్ణే. క్రాన్ గుమ్మం దాకా మాత్రం వెళ్ళి వెనక్కొచ్చాను. ఎందుకొచ్చానో కింద చెబుతాను.

ఆర్ వాడేవాళ్ళకు ఈ సరదా పాలెట్ల (కలిపి వాడే రంగుల గుంపుల) పిచ్చి కొత్తది కాదు. సినిమా దర్శకుడు వెస్ ఆండర్సన్ చిత్రాల్లోని రంగులతో కార్తీక్ రామ్ కట్టిన 'వెస్‌ఆండర్సన్' ప్యాకేజీ వీటిలో అందరికీ తెలిసినది. జపాన్ యానిమేషన్ స్టూడియో పేరుతో 'ఘిబ్లి' ఉంది. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలోని కళాఖండాల నుంచి బ్లేక్ రాబర్ట్ మిల్స్ తీసిన 'మెట్‌బ్రూవర్' ఉంది. అమెరికా నేషనల్ పార్కుల రంగులతో ఒకటి, లాక్రోయ్ సోడా డబ్బాల రంగులతో ఇంకొకటి. వీటన్నిటినీ ఒకే చోట పోగేసిన 'పాలెటీర్' అనే ప్యాకేజీలో రెండు వేలకు పైగా పాలెట్లున్నాయి. ఇన్నుండగా ఆవకాయ ఎందుకు అని అడిగితే, సోడా డబ్బాకి ఉన్న హక్కు జాడీకి లేదా అని ఎదురు అడగాలనిపిస్తుంది. కానీ అది సమాధానం కాదు కాబట్టి ముందు ఆ ప్రశ్న దగ్గరే కాసేపు ఆగుదాం.

ఉన్నవాటితో సరిపోదా?

చాలాసార్లు సరిపోతుంది. ఏది ఎప్పుడు సరిపోతుందో తెలుసుకోవడానికి నేను చేసే పరీక్ష చిన్నది. ప్రతి రంగుకీ ఎరుపు, ఆకుపచ్చ, నీలం అని మూడు అంకెలుంటాయి, 0 నుంచి 255 దాకా. ఎరుపు అంకెను 0.299తో, ఆకుపచ్చను 0.587తో, నీలాన్ని 0.114తో గుణించి కూడితే ఆ రంగు బ్లాక్ అండ్ వైట్‌లో ఎంత వెలుగుగా కనిపిస్తుందో ఉరామరిగా తెలుస్తుంది. కలర్ సిగ్నల్‌ని పాత బ్లాక్ అండ్ వైట్ టీవీల్లో చూపించడానికి పుట్టిన లెక్క ఇది. మన ఆఫీసుల్లో రిపోర్టులన్నీ చివరికి కలర్ లేని లేజర్ ప్రింటర్ దగ్గరికే చేరతాయి కాబట్టి ఈ లెక్కకు ఇంకా కాలం చెల్లలేదు.

వెస్‌ఆండర్సన్‌లో అందరూ ఇష్టపడేది 'జిస్సూ1'. నీలం, లేత నీలం, పసుపు, ముదురు పసుపు, ఎరుపు. చూడటానికి ముచ్చటగా ఉంటుంది. పై లెక్క వేస్తే వరసగా 128, 166, 195, 170, 88 వస్తాయి. అంటే వెలుగు పెరిగి, మధ్యలో శిఖరం ఎక్కి, మళ్ళీ దిగిపోతుంది. రెండో రంగూ నాలుగో రంగూ ప్రింటులో ఒకటే బూడిద. అందుకని దీన్ని ఒక మధ్య విలువకు అటూ ఇటూ చూపే మ్యాపుకి వాడితే కొంతవరకు ఒప్పుకోవచ్చు. సాధారణం కంటే వాన తక్కువ పడిన చోట్లు ఒకవైపు, ఎక్కువ పడినవి ఇంకోవైపు అన్నట్టు. సున్నా నుంచి పైకి పోయే లెక్కకు, అంటే ఎన్ని మిల్లీమీటర్లు పడింది అని చూపడానికి వాడితే, మధ్యలో ఉన్న జిల్లాలే అన్నిటికన్నా మెరుస్తాయి. తెలంగాణ 33 జిల్లాల మ్యాపు ఇలాగే వేసి ఒకసారి మాట పడ్డాను. చూసినవాడు పసుపు జిల్లాలే విశేషం అనుకున్నాడు. వాడి తప్పేం లేదు.

అలాంటి ఎక్కే లెక్కలకు నేను సరదా పాలెట్ల జోలికే వెళ్ళను. విరిడిస్ అనే పాలెట్ వాడతాను. 2015లో స్టెఫాన్ వాన్ డెర్ వాల్ట్, నథానియల్ స్మిత్ పైథాన్ భాషలో చార్టులు వేసే మ్యాట్‌ప్లాట్‌లిబ్ కోసం తయారుచేసినది ఇది. 2.0 వెర్షన్ నుంచి అక్కడ డిఫాల్ట్ అయింది. ఆ చివర ముదురు ఊదా, ఈ చివర పసుపు. వెలుగు 30 దగ్గర మొదలై 215 దాకా ఎక్కడా వెనక్కి తగ్గకుండా ఎక్కుతుంది. ఆర్‌లో దీనికి వేరే ప్యాకేజీ కూడా అక్కర్లేదు. 3.6.0 వెర్షన్ నుంచి బేస్ ఆర్‌లోనే (ఆర్‌తో పాటే వచ్చే భాగంలోనే) ఉన్న హెచ్‌సీఎల్.కలర్స్ ఫంక్షన్‌ని పాలెట్ పేరు చెప్పకుండా పిలిస్తే ఇచ్చేది విరిడిసే. ఆర్‌లో చార్టులు వేసే జీజీప్లాట్2 ప్యాకేజీలోనూ నేరుగా ఉంది. అందంగా లేదని ఎవరైనా అంటే, మ్యాపు చదవడానికే కదా వేశాం అంటాను.

సరదా పాలెట్లకు నిజమైన చోటు పేర్ల లెక్కలు. రాష్ట్రాలు, పార్టీలు, పంటలు, ఉత్పత్తులు, ఇలా ఒకదానికన్నా ఇంకొకటి ఎక్కువా తక్కువా కానివి. ఇక్కడ కూడా జాగ్రత్త కావాలి. ఎరుపు ఆకుపచ్చల తేడా పోల్చుకోలేనివాళ్ళు ఐరోపా మూలాల మగవాళ్ళలో దాదాపు 8 శాతం ఉంటారు. మన మీటింగు గదిలోనూ ఒకరుండొచ్చు, వాళ్ళు చెప్పరంతే. వాళ్ళ కోసం జపాన్‌కి చెందిన మసతక ఒకబె, కెయి ఇతొ ఎనిమిది రంగులు ఎంచారు. ఆర్ 4.0.0 నుంచి పాలెట్.కలర్స్ ఫంక్షన్ మొదట ఇచ్చేది వాటినే. అది కూడా సర్వరోగ నివారిణి కాదు. అందులో నారింజకు మన బ్లాక్ అండ్ వైట్ లెక్కలో 162, ఆకాశ నీలానికి 158. కలర్‌లో ఎవరికైనా తేడా తెలుస్తుంది, జిరాక్స్‌లో ఎవరికీ తెలియదు. రెండు జబ్బులకూ ఒకే మాత్ర లేదు. ప్రింటుకు వెళ్ళేదైతే సింథియా బ్రూవర్ మ్యాపుల కోసం చేసిన కలర్‌బ్రూవర్ చూడండి. ఆ వెబ్‌సైట్‌లో ఫొటోకాపీకి తట్టుకునేవి మాత్రమే చూపించమని అడగొచ్చు.

మెట్‌బ్రూవర్ ఈ విషయంలో మిగతా సరదా ప్యాకేజీల కంటే బుద్ధిగా ఉంటుంది. ఏ పాలెట్లు రంగుల అంధత్వం ఉన్నవాళ్ళకు పనికొస్తాయో ప్యాకేజీలోనే జాబితా ఉంది, ఫలానాది సురక్షితమేనా అని అడిగే ఫంక్షన్ కూడా ఉంది. ఘిబ్లిలో ఒక్కో పాలెట్‌కీ లేత, మధ్యస్థ, ముదురు రకాలు, ఒక్కో దాంట్లో ఏడేసి రంగులు. వెస్‌ఆండర్సన్‌లో ఎక్కువ వాటికి నాలుగైదే. నన్ను ఒకటే తీసుకోమంటే మెట్‌బ్రూవర్ తీసుకుంటాను. సొంత పాలెట్ కట్టేటప్పుడు గురువుగా పెట్టుకోమంటే మాత్రం వెస్‌ఆండర్సన్. దానికి కారణం తర్వాత.

జాడీలోంచి అయిదు రంగులు

ఫొటో నుంచి రంగులు తీయడానికి మొదట క్లస్టరింగ్ వాడాను. ఫొటోలోని పిక్సెళ్ళన్నిటినీ అయిదు గుంపులు చేసి, ఒక్కో గుంపు సగటు ఇమ్మంటే ఇస్తుంది. అయిదు రకాల బురద ఇచ్చింది. సగటు తీస్తే ఏ రంగైనా మట్టి వైపే జారుతుంది. పైగా వంటింట్లో ట్యూబ్‌లైటు, ఫోను తనంతట తాను సర్దే వైట్ బ్యాలెన్సు. మళ్ళీ పెరట్లో ఎండపొడ పడని చోట ఫొటో తీసి, కలర్ పిక్కర్‌తో చేత్తోనే ఏరుకున్నాను. కారం ఎరుపు 178, 34, 24. మామిడి తొక్క ఆకుపచ్చ 78, 96, 40. పైకి తేలిన నూనె 232, 126, 36. ఆవపిండి పసుపు 214, 160, 40. వెల్లుల్లి తెలుపు 240, 226, 196.

నోరూరింది గానీ, లెక్క వేస్తే కారానికి 76, తొక్కకి 84. ప్రింటులో రెండూ ఒకటే. కలర్‌స్పేస్ అనే ప్యాకేజీలో డ్యూటాన్ అనే ఫంక్షన్ ఉంది, ఆకుపచ్చ సరిగా అందని కంటికి ఈ రంగులు ఎలా కనిపిస్తాయో చూపిస్తుంది. అందులో పెడితే అక్కడా ఆ రెండూ కవలలే, ఒకే ముదురు గోధుమ. నిజానికి ఆవకాయ అంటేనే ఎరుపులో ఆకుపచ్చ. రంగుల అంధత్వం ఉన్నవాళ్ళను ఏడిపించడానికి ఇంతకంటే మంచి పాలెట్ ఎవరూ కట్టలేరు.

కాబట్టి తొక్క తీసేసి, ముక్క లోపలి రంగు పెట్టాను, 188, 200, 120. లెక్కలో 187. ఇప్పుడు వరస కారం 76, నూనె 147, ఆవపిండి 162, ముక్క 187, వెల్లుల్లి 227. నూనెకీ ఆవపిండికీ మధ్య తేడా ఇంకా తక్కువే, అందుకని వాటిని పక్కపక్కన రాకుండా వరస మార్చాను. కారం, ఆవపిండి, వెల్లుల్లి, నూనె, ముక్క. మూడు రకాలున్న చార్టుకి మొదటి మూడే వస్తాయి కాబట్టి, ఆ మూడూ ఒకదానికొకటి దూరంగా ఉండాలి. పాలెట్‌లో రంగుల ఎంపిక ఎంత ముఖ్యమో వరస అంత ముఖ్యం. వెల్లుల్లి రంగు తెల్ల కాగితం మీద గీతగా పనికిరాదు, బార్‌గా అయితేనే నిలుస్తుంది. ఈ మాట రీడ్‌మీలో (ప్యాకేజీతో వచ్చే పరిచయ పత్రంలో) రాసి పెట్టాను, ఎవరూ చదవరని తెలిసి కూడా.

ఎన్ని రకాలుగా పంచొచ్చు

అన్నిటికన్నా తేలిక, స్క్రిప్టు పైభాగంలోనే ఒక వెక్టర్‌గా (వరస జాబితాగా) రాసుకోవడం. రంగులకు పేర్లు కూడా తగిలించి జీజీప్లాట్2లో, ఏ రకానికి ఏ రంగో మనమే చెప్పే స్కేల్ ఫిల్ మాన్యువల్‌కి ఇస్తే సరి. వరి అంటే ఎప్పుడూ పసుపే, పత్తి అంటే ఎప్పుడూ తెలుపే అన్నట్టు, రకాల పేర్లనే రంగుల పేర్లుగా పెడితే ఒక రకం తీసేసినా మిగతావాటి రంగులు కదలవు. ఇది చాలామంది పట్టించుకోని సుఖం. పేర్లు తగిలించకుండా ఇచ్చినప్పుడు రంగులు చాలకపోతే మాన్యువల్ స్కేలే "ఆరు కావాలి, అయిదే ఇచ్చావు" అని ఎర్రర్ కొట్టి ఆపేస్తుంది. ఒక రిపోర్టుకో, ఒక థీసిస్‌కో అయితే ఇంతకు మించి చేయకండి. నన్ను సలహా అడిగే పదిమందిలో ఏడుగురికి ఇదే చెబుతాను.

రెండోది, ఒక ఫైల్లో పెట్టి ప్రతి ప్రాజెక్టులోనూ సోర్స్ చేయడం, అంటే ఆ ఫైల్ని పిలిచి నడపడం. అయిదారు ప్రాజెక్టులున్న ఒక్క మనిషికి బాగానే ఉంటుంది. నాలుగో నెలకు ఆ ఫైలు నాలుగు ఫోల్డర్లలో నాలుగు రకాలుగా తయారవుతుంది, ఏది సరైనదో మీకే తెలియదు. కొందరు ఆర్‌ప్రొఫైల్‌లో పెట్టుకుంటారు, ఆర్ తెరవగానే పాలెట్ సిద్ధం. అది మాత్రం వద్దంటాను. మీ లాప్‌టాప్‌లో నడిచే స్క్రిప్టు పక్కవాడి లాప్‌టాప్‌లో ఆగిపోతుంది, ఎందుకు ఆగిందో స్క్రిప్టు చదివితే కనపడదు.

మూడోది గిట్‌హబ్‌లో చిన్న ప్యాకేజీ. ప్యాకేజీ అనగానే చాలామంది జడుసుకుంటారు గానీ, యూజ్‌దిస్, డెవ్‌టూల్స్ అనే రెండు ప్యాకేజీలు సగం పని చేసి పెడతాయి. ఖాళీ ప్యాకేజీ సృష్టించడం ఒక ఫంక్షన్, లైసెన్సు పెట్టడం ఒకటి, చెక్ చేయడం ఒకటి. రంగుల జాబితా, దాన్ని ఇచ్చే ఫంక్షన్, నాలుగు లైన్ల డాక్యుమెంటేషన్, పాలెట్ బొమ్మ ఉన్న రీడ్‌మీ. ఒక ఆదివారం మధ్యాహ్నం భోజనం చేసి కూర్చుంటే దీపాలు పెట్టే వేళకి అయిపోతుంది. ముగ్గురు నలుగురు వాడతారు, ఏడాది తర్వాత కూడా అవే రంగులు రావాలి అనుకుంటే ఇదే సరైన దారి. వెర్షన్ నంబరు ఉంటుంది కాబట్టి "నువ్వు కారం రంగు ఎప్పుడు మార్చావు" అన్న గొడవ రాదు. ఇబ్బంది ఒక్కటే. కొన్ని ఆఫీసుల నెట్‌వర్క్‌లలో గిట్‌హబ్ నుంచి ఇన్‌స్టాల్ చేయనివ్వరు. నేను పనిచేసిన ఒక చోట ఇదే పరిస్థితి. అక్కడ ప్యాకేజీని జిప్ చేసి పెన్‌డ్రైవ్‌లో పట్టుకెళ్ళాను, ఆ తర్వాత పెన్‌డ్రైవులూ ఆపేశారు.

నాలుగోది క్రాన్. ఆర్ ప్యాకేజీల పెద్ద కొట్టు అది. 1997లో వియన్నాలో కర్ట్ హోర్నిక్, ఫ్రీడ్రిష్ లైష్ మొదలుపెట్టారు, ఇవాళ ఇరవై వేలకు పైగా ప్యాకేజీలున్నాయి. అక్కడికి చేరితే ఎవరైనా ఒక్క లైనుతో ఇన్‌స్టాల్ చేసుకోవచ్చు, ఏ ఆఫీసులోనూ సాధారణంగా అడ్డు చెప్పరు. బదులుగా మీరు ఇచ్చేది జీవితకాలపు మాట. ఆర్ కొత్త వెర్షన్ వచ్చి మీ ప్యాకేజీలో ఏదో విరిగితే మెయిల్ వస్తుంది, గడువు లోపల సరిచేయకపోతే ప్యాకేజీని ఆర్కైవ్‌లోకి నెట్టేస్తారు. అయిదు రంగుల కోసం పెళ్ళి రోజున లాప్‌టాప్ తెరిచే ఓపిక ఉందా అని మిమ్మల్ని మీరు అడుక్కోండి. ఒకటి రెండు నెలలకొకసారి కంటే ఎక్కువగా కొత్త వెర్షన్లు పంపొద్దని కూడా అంటారు. రంగులు ఇంకా సర్దుకుంటున్నవాళ్ళకు అది సరిపడదు. బియాన్సే పేరుతో ఉన్నదీ, సోడా డబ్బాలదీ గిట్‌హబ్ నుంచే జనంలోకి వెళ్ళాయి. క్రాన్‌లో లేకపోతే గౌరవం లేదన్నది పాత మాట.

ఇంకొకటుంది, ఎవరూ మొదట ఆలోచించనిది. ఇప్పటికే ఉన్నవాళ్ళ ప్యాకేజీలో మీ పాలెట్ చేర్చమని పుల్ రిక్వెస్టు పంపడం. ఒక్క పాలెట్ కోసం ప్యాకేజీ కట్టడం, ఒక్క కూర కోసం హోటల్ పెట్టినట్టే. నాలుగైదు పాలెట్లు దాటాకే సొంత కొట్టు గురించి ఆలోచించండి.

ఆరో రంగు అడిగితే

ప్యాకేజీ కట్టాలనే నిర్ణయించుకున్నవాళ్ళకు అసలు ఎంపికలు ఫంక్షన్ లోపల ఉంటాయి. నా మొదటి వెర్షన్‌లో జరిగింది చెబుతాను. జీజీప్లాట్2లోని డిస్క్రీట్ స్కేల్ (విడివిడి రకాలకు రంగులిచ్చే) ఫంక్షన్‌తో సొంత స్కేల్ కట్టాను. ఎన్ని రంగులు అడిగితే జాబితాలో మొదటి అన్ని ఇవ్వమన్నాను, అంతే. ఆర్‌లో అయిదున్న వెక్టర్‌ని ఆరు అడిగితే తిట్టదు, ఆరో చోట ఎన్‌ఏ (విలువ లేదు అనే గుర్తు) పెట్టి ఇస్తుంది. డిస్క్రీట్ స్కేల్‌కి ఎన్‌ఏ రంగు ఏదో మనం చెప్పకపోతే అదీ ఎన్‌ఏనే. అంటే రంగు లేదు. ఒక రోజు ఆరు రకాలున్న డేటాతో చార్టు వేస్తే ఆరో బార్ ఉన్న చోట ఖాళీ. ఎర్రర్ లేదు, వార్నింగ్ లేదు, లెజెండ్‌లో పేరు ఉంది, పక్కన గడి ఖాళీ. ఆ చార్టు మీటింగులోకి వెళ్ళిపోయింది. "ఆరోది సున్నానా?" అని పెద్దాయన ఒకరు అడిగేదాకా నేను చూసుకోలేదు. చెవులు కాలాయి.

ఆరో రంగు అడిగితే ఏం చేయాలి అన్నదానికి మూడు సమాధానాలున్నాయి. మళ్ళీ మొదటి రంగుకి తిరగడం ఒకటి. అప్పుడు రెండు రకాలకు ఒకే రంగు, బార్ మాయం కావడం కంటే ఇంకా మోసం. ఉన్న అయిదిటి మధ్య రంగులు కలిపి కొత్తవి పుట్టించడం రెండోది. ఆర్‌లో కలర్‌ర్యాంప్‌పాలెట్ ఆ పని చేస్తుంది, మామూలుగా ఆర్‌జీబీ అంకెల్నే కలుపుతుంది. నా పాత పాలెట్‌లో కారానికీ తొక్కకీ నట్టనడుమ ఏం వస్తుందో చూశాను, 128, 65, 32. మూడేళ్ళ ఊరగాయ రంగు. మూడోది, ఆపి చెప్పేయడం. వెస్‌ఆండర్సన్ చేసేది ఇదే. ఉన్నవాటికంటే ఎక్కువ అడిగితే పాలెట్ ఇవ్వగలిగినదానికన్నా ఎక్కువ అడిగావని ఎర్రర్ ఇస్తుంది. కంటిన్యూయస్ (తెగకుండా సాగేది) అని మీరు స్పష్టంగా రాస్తేనే మధ్య రంగులు పుట్టిస్తుంది. నేనూ ఇప్పుడు అదే చేస్తున్నాను. మీరూ అదే చేయండి, దీంట్లో రెండో మాట లేదు.

గురువు అన్నాను కదా, రెండో కారణం ఇది. వెస్‌ఆండర్సన్‌లో సొంత స్కేల్ ఫంక్షన్లే లేవు. రంగుల వెక్టర్ ఇచ్చి ఊరుకుంటుంది, దాన్ని మాన్యువల్ స్కేల్‌లో పెట్టుకోవడం మీ పని. ఘిబ్లి లాంటివి స్కేల్ ఫంక్షన్లు కూడా ఇస్తాయి, వాడేవాడికి ఒక లైను తగ్గుతుంది. హాయిగానే ఉంటుంది. కట్టినవాడికి మాత్రం జీజీప్లాట్2 మారినప్పుడల్లా పని. 2024లో వచ్చిన 3.5.0 వెర్షన్‌లో డిస్క్రీట్ స్కేల్‌కి పేరు ఇచ్చే ఆర్గ్యుమెంటు (ఫంక్షన్‌కి మనం అందించే విలువ) ఒకటి తీసేస్తున్నామన్నారు. పాత పద్ధతిలో రాసిన నా స్కేల్ ఆ రోజు నుంచి వార్నింగులు కక్కింది. స్కేల్ ఫంక్షన్లు పెడితే 'కలర్' అన్న మాటకి అమెరికా స్పెల్లింగుతో ఒకటి, బ్రిటిష్ స్పెల్లింగుతో ఒకటి, ఫిల్‌కి (లోపల నింపే రంగుకి) వేరే, మళ్ళీ కంటిన్యూయస్‌కి వేరే. అయిదు రంగులకు ఆరు ఫంక్షన్లు. నా రెండో వెర్షన్‌లో అవన్నీ పీకేసి వెక్టర్ ఒక్కటే ఉంచాను. జీజీప్లాట్2 మీద ఆధారపడటం కూడా పోయింది, బేస్ ఆర్‌తోనే చార్టులు వేసే ఒకాయనకు అదే నచ్చింది. మీ వాళ్ళంతా ఆర్‌కి కొత్త, ఒక్క లైన్లో పని కావాలి అంటే స్కేల్ ఫంక్షన్లు పెట్టండి. అప్పుడు ఆ వార్నింగులు చూసుకునే ఓపిక కూడా పెట్టుకోండి.

పేరు పెట్టడం

క్రాన్ గుమ్మం దగ్గర ఆగింది ఇక్కడే. పాలెట్ల పేర్లు తెలుగు లిపిలోనే పెట్టాను. ఆవకాయ, గోంగూర, పెసరట్టు. నా కంప్యూటర్‌లో చక్కగా నడిచాయి. చెక్ చేయిస్తే ఆర్ కోడులో ఆస్కీ (ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలు, మామూలు గుర్తులు) కాని అక్షరాలున్నాయి, ఎక్కడైనా నడవాల్సిన ప్యాకేజీలో ఉండకూడదు అని వార్నింగ్. యూనికోడ్ ఎస్కేపులుగా, అంటే ఒక్కో గుర్తునీ దాని కోడు నంబరుతో, రాస్తే ఒప్పుకుంటుంది. అంటే ఆవకాయ అన్న నాలుగక్షరాల మాటకు అయిదు యూనికోడ్ గుర్తులు, ఎందుకంటే 'కా'లో క వేరు, దీర్ఘం వేరు. ఒక్కో గుర్తుకి ఆరేసి కీలు, మొత్తం ముప్ఫై. చూస్తే అది ఆవకాయలా లేదు, కరెంటు మీటరు రీడింగులా ఉంది. నడుస్తుంది, కానీ ఆర్నెల్ల తర్వాత నేనే చదవలేను. ప్యాకేజీ పేరుకైతే ఈ దారి కూడా లేదు. ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలు, చుక్క, ఇవే. అక్షరంతో మొదలవ్వాలి, చుక్కతో ముగియకూడదు.

సరే, ఇంగ్లిష్ అక్షరాల్లో రాద్దామంటే మొదట్లో ఒక 'ఎ'నా, రెండా? చివర 'వై'తో రాసేవాళ్ళు కొందరు, 'ఐ'తో రాసేవాళ్ళు కొందరు. హోటల్ మెనూ కార్డులు చూసినవాళ్ళకు చెప్పక్కర్లేదు. నేను ఒక స్పెల్లింగు ఖాయం చేసి, ఆర్‌లోని మ్యాచ్.ఆర్గ్ ఫంక్షన్‌కి అప్పజెప్పాను. పేరు తప్పు కొడితే ఉన్న పేర్లన్నీ చూపించి ఇందులో ఒకటి రాయమంటుంది. తెలుగు పేరు డాక్యుమెంటేషన్‌లోనూ, పాలెట్ బొమ్మ మీదా ఉంది. ఆ బొమ్మ వేసేటప్పుడు ఒత్తులు విడిపోయి కనిపిస్తే ర్యాగ్ ప్యాకేజీ ఇచ్చే పీఎన్‌జీ డివైసు వాడండి, కుదురుగా వస్తాయి.

ఇంకో మాట. సరదా పేరు ముద్దుగా ఉంటుంది గానీ అది దేనికి పనికొస్తుందో చెప్పదు. ఆవకాయ పేర్ల లెక్కలకా, ఎక్కే లెక్కలకా? గోంగూర? నేను గోంగూరని ముదురు ఆకుపచ్చ నుంచి లేతకి పోయే వరసగా కట్టాను, అది ఎక్కే లెక్కలకు. చూసినవాడికి ఎలా తెలుస్తుంది? అందుకని ప్రతి పాలెట్‌కీ రకం ఏమిటో జాబితాలోనే రాసి, తప్పు రకంగా అడిగితే ఒక మెసేజి వచ్చేలా పెట్టాను. ఎర్రర్ కాదు, మెసేజి. అంత కఠినం అక్కర్లేదు.

పైథాన్ వాళ్ళకు రెండు ముక్కలు. మ్యాట్‌ప్లాట్‌లిబ్‌లో రంగుల జాబితాని లిస్టెడ్ కలర్‌మ్యాప్‌గా చేసి, పేరుతో రిజిస్టర్ చేస్తే ఆ సెషన్‌లో ఎక్కడైనా పేరు చెప్పి వాడొచ్చు. పాత రిజిస్టర్ ఫంక్షన్ 3.9లో తీసేశారు, ఇంటర్నెట్‌లో కనిపించే పాత కోడు నమ్ముకోకండి. సరదా పాలెట్లు రెడీమేడ్‌గా కావాలంటే పాలెటబుల్ అనే ప్యాకేజీ చూడండి, అందులో వెస్ ఆండర్సన్ రంగులు కూడా ఉన్నాయి. అక్కడ సొంత ప్యాకేజీ కంటే ఒక చిన్న మాడ్యూల్ ఫైలే ఎక్కువమందికి సరిపోతుంది.

నా ఆవకాయ ఇప్పటికీ గిట్‌హబ్‌లోనే ఉంది. వాడేది అయిదారుగురు, అందులో ఒకడు మా అక్క కొడుకు. మొన్న వాడే ఫోన్ చేసి "మామయ్యా, ఎనిమిది రంగులు అడిగితే ఎర్రర్ వస్తోంది, ఇంకో మూడు కలపొచ్చు కదా" అన్నాడు. జాడీలో ఇంకేమున్నాయిరా అన్నాను. కాసేపు ఆలోచించి, మెంతులు అన్నాడు. మెంతులకీ ఆవపిండికీ తేడా ఎంతో లెక్క వేసి చెప్పమన్నాను. ఇంకా ఫోన్ చేయలేదు.